చెప్పుకుంటే తగ్గే జబ్బులు

లైంగికంగా అంటుకునే ఇన్ఫెక్షన్లలో చాలావాటికి మందుంది. కొన్నిటికి ఒక్కపూట వేసుకునే మాత్రలు చాలు. ప్రభుత్వాసుపత్రిలో పైసా తీసుకోకుండా ఇస్తారు. అయినా ఈ జబ్బులు ఏళ్ల తరబడి ఇళ్లల్లోనే ఉండిపోతున్నాయి. కారణాలు రెండు. ఒకటి, బాధపడేవారు నోరు విప్పడం లేదు. రెండు, విప్పినా ఇద్దరికి జరగాల్సిన వైద్యం ఒక్కరికే జరుగుతోంది.

మూత్రానికి వెళ్తే మంట. మొదటిరోజు ‘ఎండలో తిరిగాం కదా, వేడి చేసింది’ అనుకుంటారు. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, కొబ్బరిబోండాం అన్నీ అయ్యాక మూడోరోజుకి లోదుస్తుల మీద పసుపుపచ్చని మరక కనిపిస్తుంది. ఇంట్లో చెప్పలేరు. ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే రాత్రికల్లా నలుగురికీ తెలిసిపోతుందని భయం. పక్క ఊరి మెడికల్‌ షాపులో గొంతు తగ్గించి అడిగితే నాలుగు మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తారు. రెండు వేసుకోగానే మంట తగ్గుతుంది. మిగతా రెండూ జేబులోనే ఉండిపోతాయి. నెల తిరక్కుండా మళ్లీ మొదలు. ఈసారి బస్టాండు గోడ మీది ప్రకటన గుర్తొస్తుంది. ఫలానా తేదీన ఫలానా లాడ్జి గదిలో ‘గుప్తరోగాలకు శాశ్వత పరిష్కారం’. అక్కడ వేలకు వేలు పోసి పొట్లాలు కొంటారు. ఈలోగా ఇంట్లో భార్యకి అదే క్రిమి చేరుతుంది. ఆమెకు ఏ నొప్పీ తెలియదు. క్రిమి మాత్రం గర్భసంచి దాటి పైకి పాకుతూ ఉంటుంది.

ఈ దారిలో నడిచినవాళ్లు మన ఊళ్లలోనూ పట్నాల్లోనూ ఎందరో ఉన్నారు. ఎవరూ బయటికి చెప్పరు కాబట్టి ప్రతి ఒక్కరూ తామొక్కరే అనుకుంటారు. భారతీయ వయోజనుల్లో సుమారు ఆరు శాతం మందికి లైంగిక, జననేంద్రియ ఇన్ఫెక్షన్లలో ఏదో ఒకటి ఉంటుందని జాతీయ ఎయిడ్స్‌ నియంత్రణ సంస్థ (నాకో) ఏళ్లుగా చెబుతున్న అంచనా. అంటే ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు ఉంటారు. ఇది ‘చెడు తిరుగుళ్ల’ వాళ్లకే వచ్చేదనుకుంటే పొరపాటు. భర్తను తప్ప వేరొకరిని ఎరగని ఇల్లాలికీ వస్తుంది. కడుపులోని బిడ్డకీ వస్తుంది.

నాలుగు నయమయ్యేవి, నాలుగు అదుపులో ఉండేవి

లైంగికంగా అంటుకునే క్రిములు ముప్పైకి పైగా ఉన్నాయి. వాటిలో ఎనిమిది ముఖ్యమైనవి. గనేరియా, క్లమీడియా, సిఫిలిస్‌లకు బ్యాక్టీరియా కారణం. ట్రైకోమోనియాసిస్‌కు ఒక పరాన్నజీవి కారణం. ఈ నాలుగూ మందులతో పూర్తిగా నయమవుతాయి. మిగిలిన నాలుగూ వైరస్‌లు: హెర్పిస్, హెచ్‌పీవీ, హెపటైటిస్‌-బి, హెచ్‌ఐవీ. వీటిని చాలావరకూ ఒంట్లోంచి పూర్తిగా తరిమేయలేకపోయినా అదుపులో పెట్టే మందులో, రాకుండా ఆపే టీకానో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 15-49 ఏళ్ల వారిలో నయమయ్యే ఈ నాలుగు ఇన్ఫెక్షన్లూ కొత్తగా 37.4 కోట్ల సార్లు సోకాయి. ట్రైకోమోనియాసిస్‌ 15.6 కోట్లు, క్లమీడియా 12.9 కోట్లు, గనేరియా 8.2 కోట్లు, సిఫిలిస్‌ 71 లక్షలు. రోజుకు పది లక్షలకు పైనే అన్నమాట. వీటిలో ఎక్కువ భాగం ఏ లక్షణమూ చూపించవు. చూపించకపోవడమే వీటి బలం.

మంట, చీము వెనక ఉన్నదెవరు?

మగవారికి కలయిక తర్వాత రెండు నుంచి ఏడు రోజుల్లో చిక్కటి చీము, మూత్రంలో మంట మొదలైతే మొదట అనుమానించేది గనేరియాని. ఒకటి నుంచి మూడు వారాల తర్వాత పల్చటి స్రావం, చిన్నపాటి మంట ఉంటే క్లమీడియా కావచ్చు. తరచూ రెండూ కలిసే ఉంటాయి. అందుకే పరీక్ష సౌకర్యం లేనిచోట డాక్టర్లు రెండింటికీ కలిపి మందు ఇస్తారు. వదిలేస్తే వృషణాల పక్కనుండే నాళం వాచి నొప్పెడుతుంది. కొందరికి కొన్నేళ్ల తర్వాత మూత్రనాళం ఇరుకై ధార సన్నబడుతుంది.

ఆడవారి సంగతి వేరు. క్లమీడియా సోకిన స్త్రీలలో నూటికి డెబ్భై మందికి పైగా ఏ ఇబ్బందీ ఉండదు. క్రిమి మెల్లగా గర్భాశయ ముఖద్వారం నుంచి ఫెలోపియన్‌ ట్యూబుల దాకా వెళ్తుంది. అక్కడ వాపు వచ్చి, తగ్గి, మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన ట్యూబులోంచి అండం దిగలేదు. లేదా పిండం గర్భసంచికి చేరకుండా ట్యూబులోనే ఉండిపోతుంది. అది పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లల్లేరని ఆస్పత్రుల చుట్టూ తిరిగే జంటల్లో ట్యూబులు మూసుకుపోయాయని తేలే స్త్రీలు ఉంటారు. మన దేశంలో దానికి క్షయ కూడా పెద్ద కారణమే. కానీ కొందరి విషయంలో ఎప్పుడో వచ్చి, తెలియకుండానే పోయిన ఈ ఇన్ఫెక్షన్‌ మిగిల్చిన మచ్చే కారణం. ‘గొడ్రాలు’ అన్న మాట పడేది ఆవిడ. క్రిమిని ఇంటికి తెచ్చింది ఎవరో ఎవరూ అడగరు.

చికిత్స విషయానికొస్తే, క్లమీడియాకు డాక్సీసైక్లిన్‌ 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి రెండుసార్లు చొప్పున ఏడు రోజులు. గర్భిణులకు అది పడదు కాబట్టి అజిత్రోమైసిన్‌ ఇస్తారు. గనేరియాకు ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా నమ్ముకున్నది సెఫ్ట్రియాక్సోన్‌ ఇంజెక్షన్‌. మన జాతీయ కార్యక్రమంలో సెఫిక్సిమ్‌ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకే మోతాదుగా ఇస్తూ వచ్చారు.

గనేరియా క్రిమికి ఒక చెడ్డ లక్షణం ఉంది. ఏ మందు వేసినా కొన్నేళ్లకి దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటుంది. 1930ల్లో సల్ఫా మందులకు లొంగింది, పదేళ్లు తిరిగేసరికి మొండికేసింది. పెన్సిలిన్‌ వచ్చాక లొంగింది. 1976 నాటికి పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌తో బయటపడింది. టెట్రాసైక్లిన్, ఆ తర్వాత సిప్రోఫ్లాక్ససిన్‌ అదే వరసలో వెనకబడ్డాయి. సెఫ్ట్రియాక్సోన్‌కూ లొంగని రకాలు 2018లో బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో కనిపించి వైద్యలోకాన్ని ఉలిక్కిపడేలా చేశాయి. మెడికల్‌ షాపులో అడిగి రెండు మాత్రలు వేసుకుని రెండు జేబులో దాచుకునే అలవాటు ఎంత ప్రమాదమో దీన్ని బట్టి తెలుస్తుంది. సగం మందు క్రిమిని చంపదు, దానికి శిక్షణ ఇస్తుంది.

మాయమైపోయి మోసం చేసే పుండు

సిఫిలిస్‌ నొప్పి లేని పుండుతో మొదలవుతుంది. క్రిమి సోకిన సుమారు మూడు వారాలకు జననాంగాల మీద, ఒక్కోసారి నోట్లోనో మలద్వారం దగ్గరో, అంచు గట్టిగా ఉండే ఒక పుండు లేస్తుంది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోరు. మూడు నుంచి ఆరు వారాల్లో ఏ మందూ వేయకుండానే మానిపోతుంది. ‘తగ్గిపోయింది’ అని ఊరట చెందుతారు. అసలు కథ అప్పుడే మొదలవుతుంది. కొన్ని వారాల తర్వాత ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా వస్తాయి. దురద ఉండదు. అవీ మాయమవుతాయి. ఆ తర్వాత ఏళ్లపాటు నిశ్శబ్దం. వైద్యం జరగని కొందరిలో పది, ఇరవై, ముప్పై ఏళ్లకి గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళాన్నో, మెదడునో, వెన్నుపామునో పట్టుకుంటుంది.

దీన్ని కనిపెట్టే వీడీఆర్‌ఎల్‌ రక్తపరీక్ష దాదాపు ప్రతి ప్రభుత్వాసుపత్రిలోనూ చేస్తారు. చికిత్సలో పెన్సిలిన్‌ను మించింది ఇప్పటికీ లేదు. పాదరసం పూతలు, ఆర్సెనిక్‌ సూదులతో వైద్యం చేసిన కాలం దాటి, 1943లో అమెరికా వైద్యుడు జాన్‌ మహోనీ నలుగురు రోగులకు పెన్సిలిన్‌ ఇచ్చి నయం చేశారు. గనేరియా క్రిమిలా కాకుండా సిఫిలిస్‌ క్రిమి ఎనభై ఏళ్లయినా పెన్సిలిన్‌ను ఎదిరించడం నేర్చుకోలేదు.

తొలిదశలో ఒకేఒక్క విడత బెంజాథిన్‌ పెన్సిలిన్‌ చాలు. మోతాదు 24 లక్షల యూనిట్లు. సీసాలోని తెల్లటి పొడిలో నీరు కలిపి గిలక్కొడితే పాలలా చిక్కగా అవుతుంది. సన్న సూదిలోంచి దిగదు కాబట్టి లావు సూదితో, సగం ఒక పిరుదుకి, సగం రెండోదానికి వేస్తారు. ఒకటి రెండ్రోజులు కూర్చోవడం కష్టమే. అయితే ఆ చిక్కదనంలోనే ఉంది కిటుకు. ఈ క్రిమి చాలా నిదానంగా, ఒకటి రెండు కావడానికి ముప్పై గంటల పైన తీసుకుంటూ పెరుగుతుంది. త్వరగా ఒంట్లోంచి పోయే మందు దాన్ని పట్టుకోలేదు. కండలో గడ్డకట్టినట్టు నిలిచి వారాల తరబడి కొద్దికొద్దిగా రక్తంలోకి వదిలే మందే దానికి సరైన మొగుడు. జబ్బు వచ్చి ఎంతకాలమైందో తెలియనివారికి, పాతబడినవారికి వారానికొకటి చొప్పున మూడు వారాలు వేస్తారు. సూది వేసిన రోజే చలిజ్వరం, ఒళ్లునొప్పులు వచ్చే వీలుంది. అది చచ్చిన క్రిముల వల్ల వచ్చేది, ఒక రోజులో పోతుంది. దాన్ని పెన్సిలిన్‌ పడలేదని అనుకోకూడదు. నిజమైన అలర్జీ ఉన్నవారిని ముందే అడిగి తెలుసుకుని, వారికి డాక్సీసైక్లిన్‌ ఇస్తారు.

గర్భిణుల విషయంలో మాత్రం మరో మందుతో సరిపెట్టే వీలు లేదు. బిడ్డ దాకా చేరి కాపాడగలదని రుజువైంది పెన్సిలిన్‌ ఒక్కటే. తల్లికి సిఫిలిస్‌ ఉండి వైద్యం జరగకపోతే గర్భస్రావం కావచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, పుట్టినా ఎముకలు, కాలేయం, కళ్లు దెబ్బతిని ఉండవచ్చు. కాన్పుకి కనీసం నెల ముందే సూది పడితే ఆ బిడ్డకు ముప్పు బాగా తగ్గుతుంది. అందుకే గర్భం నిర్ధారణ కాగానే హెచ్‌ఐవీ, సిఫిలిస్‌ రెండింటికీ పరీక్ష చేయించుకోవాలి. ఏఎన్‌ఎం వేలి నుంచి రక్తపుచుక్క తీసుకుంటానంటే ‘మాకెందుకు ఆ పరీక్ష’ అని కోప్పడే అత్తమామలు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఆ చుక్క రక్తంతో కాపాడుతున్నది వాళ్ల మనవణ్నో మనవరాలినో.

భీమవరం బిడ్డ, బంగారు రంగు మందు

క్లమీడియాను తగ్గించే డాక్సీసైక్లిన్‌ వెనక ఒక తెలుగువాడి కృషి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధన విభాగానికి సారథ్యం వహించారు. ఆయన నేతృత్వంలోనే వృక్షశాస్త్రవేత్త బెంజమిన్‌ డుగ్గర్‌ రకరకాల మట్టి నమూనాలను జల్లెడ పట్టారు. 1945లో మిస్సోరీ రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయ పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు క్రిమి ఒకటి దొరికింది. దాన్నుంచి తీసిన ఆరియోమైసినే టెట్రాసైక్లిన్ల కుటుంబంలో తొలి మందు. దాని వివరాలు లోకానికి వెల్లడైన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ కుటుంబంలో తర్వాతి తరం మందు డాక్సీసైక్లిన్‌. ఇప్పటికీ పెన్సిలిన్‌ పడనివారికి సిఫిలిస్‌లో, మామూలుగా క్లమీడియాలో దాన్నే వాడుతున్నారు. వేసుకునేటప్పుడు గ్లాసు నిండా నీళ్లు తాగాలి. వెంటనే పడుకోకూడదు, పడుకుంటే అన్నవాహిక పుండుపడుతుంది.

మన తీరానికి మరో జబ్బుతోనూ పాత పరిచయం ఉంది. దాని పేరు డొనోవనోసిస్‌. మాంసంలా ఎర్రగా, నొప్పి లేకుండా, తాకితే నెత్తురు చిమ్మే పుండ్లతో వస్తుంది. మద్రాసులో పనిచేస్తున్న చార్లెస్‌ డొనోవన్‌ 1905లో ఆ పుండ్లలో క్రిమి ఆనవాళ్లను గుర్తించారు. ఆంధ్ర, ఒడిశా, తమిళనాడు తీరాల్లో ఒకప్పుడు వేళ్లూనుకున్న ఆ జబ్బు యాంటీబయాటిక్స్‌ అందుబాటులోకి వచ్చాక అరుదైపోయింది. మందు జనానికి చేరితే జబ్బు ఎలా వెనక్కి పోతుందో మన గడ్డ మీదే చూశాం.

తెల్లబట్ట అంతా తప్పు కాదు

ప్రభుత్వాసుపత్రి ఓపీలో స్త్రీలు ఎక్కువగా చెప్పే ఇబ్బందుల్లో తెల్లబట్ట ఒకటి. దీని చుట్టూ అల్లుకున్న భయాలు చాలా. నెలసరి మధ్యలో, గర్భంతో ఉన్నప్పుడు వాసన, దురద లేని పల్చటి తెలుపు సహజం. అది ఎముకలు కరిగి రావడం కాదు, ఒంట్లో బలం పోవడమూ కాదు.

పెరుగు విరిగినట్టు గడ్డలుగా, విపరీతమైన దురదతో ఉంటే ఫంగస్‌ (కాండిడా) కావచ్చు. చేపల వాసన వస్తూ బూడిదరంగు నీళ్లలా ఉంటే బ్యాక్టీరియల్‌ వజైనోసిస్‌ కావచ్చు. యోనిలో సహజంగా ఉండే సూక్ష్మజీవుల సమతూకం చెడినప్పుడు వచ్చే ఇబ్బందులివి. షుగర్‌ ఉన్నవారికి, యాంటీబయాటిక్స్‌ ఎక్కువగా వాడినవారికి ఫంగస్‌ త్వరగా వస్తుంది. ఇవి వచ్చాయని భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోవాల్సిన పనిలేదు. పసుపు-ఆకుపచ్చగా నురగతో, దుర్వాసనతో, మంటతో ఉంటే ట్రైకోమోనియాసిస్‌ను అనుమానిస్తారు. ఇది మాత్రం కలయిక ద్వారా వచ్చేదే, ఇద్దరూ మందు వాడాల్సిందే. స్త్రీలకు మెట్రోనిడజోల్‌ ఏడు రోజుల కోర్సు ఇస్తారు. నోరు చేదుగా, ఇనుము నాకినట్టు అనిపిస్తుంది. అయినా మధ్యలో ఆపకూడదు. ఏది ఏమైనా సబ్బునీళ్లతో, క్రిమినాశక ద్రవాలతో లోపల కడగడం మంచిది కాదు. మేలు చేసే సూక్ష్మజీవులు కూడా కొట్టుకుపోయి సమస్య ముదురుతుంది.

వైరస్‌లతో జీవించడం, వాటిని ఆపడం

హెర్పిస్‌ గుత్తులుగా చిన్నచిన్న నీటిపొక్కులతో వస్తుంది. పగిలి పుండ్లయితే భరించలేనంత మంట. ఎసైక్లోవిర్‌ మాత్రలు వారం రోజులు వాడితే త్వరగా తగ్గుతుంది. వైరస్‌ మాత్రం వెన్ను దగ్గరి నాడుల్లో దాక్కుని, ఒత్తిడిలోనో జ్వరంలోనో మళ్లీ లేస్తుంది. మొదటిసారి ఉన్నంత తీవ్రత తర్వాత ఉండదు. మాటిమాటికీ వచ్చేవారికి రోజూ తక్కువ మోతాదులో మందు ఇస్తారు. నొప్పుల సమయంలో పుండ్లు ఉన్న గర్భిణి ఆ విషయం దాచకూడదు. బిడ్డకు సోకకుండా సిజేరియన్‌ చేస్తారు.

హెచ్‌పీవీలో చాలా రకాలున్నాయి. 6, 11 రకాలు జననాంగాల మీద పులిపిర్లు తెస్తాయి. వాటికి పూతమందులున్నాయి, చల్లటి నత్రజనితో కాల్చేసే పద్ధతీ ఉంది. అసలు ప్రమాదం 16, 18 రకాలతో. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ వస్తోంది. దానికి ముఖ్య కారణం ఈ వైరస్సే. సీరం ఇన్‌స్టిట్యూట్‌ తయారుచేసిన ‘సెర్వావ్యాక్‌’తో 2023 నుంచి మన సొంత టీకా అందుబాటులోకి వచ్చింది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య, లైంగిక జీవితం మొదలుకాకముందే వేయిస్తే గొప్ప రక్షణ. ఉన్న ఇన్ఫెక్షన్‌ను అది తగ్గించలేదు కాబట్టే ముందుగా వేయించాలి. ముప్పై దాటిన ప్రతి స్త్రీ గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో వెనిగర్‌ లాంటి ద్రావణం పూసి చూసే పరీక్ష కొన్ని నిమిషాల పని.

హెపటైటిస్‌-బికి టీకా ఉంది. పుట్టిన 24 గంటల్లో బిడ్డకు తొలి డోసు పడుతుంది. చిన్నప్పుడు పడని పెద్దలు మూడు డోసులు వేయించుకోవచ్చు. హెచ్‌ఐవీ విషయంలో ఆంధ్రప్రదేశ్‌ ఎన్నో కుటుంబాలను పోగొట్టుకున్న రాష్ట్రం. ఇవాళ పరిస్థితి మారింది. ఏఆర్‌టీ కేంద్రాల్లో రోజుకో మాత్ర ఉచితంగా ఇస్తున్నారు. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటూ, రక్తంలో వైరస్‌ పరీక్షకు కూడా అందనంత తగ్గితే, ఆ వ్యక్తి నుంచి కలయిక ద్వారా ఇంకొకరికి సోకదు. ప్రమాదం జరిగిందని అనుమానం ఉంటే 72 గంటల్లోపు ఆస్పత్రికి వెళ్లాలి. 28 రోజుల నివారణ మందులు ఇస్తారు. సిఫిలిస్, హెర్పిస్‌ పుండ్లు ఉన్నవారికి హెచ్‌ఐవీ సోకే ముప్పు పెరుగుతుంది కాబట్టి ఒకటి వస్తే మిగతావాటికీ పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి.

ఏడు రంగుల కిట్లు

జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో ‘సురక్ష క్లినిక్‌’ అని బోర్డు ఉంటుంది. చర్మవ్యాధుల విభాగంలోనో, ప్రసూతి విభాగంలోనో ఉంటుంది. అక్కడ డాక్టర్‌తో పాటు ఒక కౌన్సెలర్‌ ఉంటారు. తలుపు వేసి, ఒక్కరితోనే మాట్లాడతారు.

పరీక్ష ఫలితం కోసం నాలుగు రోజులు ఆగి రమ్మంటే చాలామంది తిరిగి రారు. అందుకే లక్షణాలను బట్టి మొదటిరోజే మందు చేతిలో పెట్టే పద్ధతిని జాతీయ కార్యక్రమం అమలుచేసింది. ఒక్కో లక్షణానికి ఒక్కో రంగు కిట్‌. మూత్రనాళం లేదా గర్భాశయ ముఖద్వారం నుంచి స్రావానికి బూడిదరంగు కిట్‌. అందులో అజిత్రోమైసిన్‌ ఒక గ్రాము, సెఫిక్సిమ్‌ 400 మిల్లీగ్రాములు ఉంటాయి, రెండూ ఒకేసారి డాక్టర్‌ ఎదుటే మింగేయొచ్చు. యోని స్రావానికి ఆకుపచ్చది. హెర్పిస్‌ కాని పుండుకి తెల్లది, అందులోనే పెన్సిలిన్‌ సీసా, సిరంజి ఉంటాయి. పెన్సిలిన్‌ పడనివారికి నీలం. హెర్పిస్‌కి ఎరుపు. ఆడవారి పొత్తికడుపు నొప్పికి రెండు వారాల మందులతో పసుపుపచ్చది. గజ్జల్లో బిళ్ల కట్టినవారికి మూడు వారాల మందుతో నలుపు. చదువు రానివారికి కూడా ‘నాకు పచ్చ డబ్బా ఇచ్చారు’ అని గుర్తుండిపోతుంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. లక్షణం ఉన్నవారికే మందు అందుతుంది. ఏ బాధా లేకుండా క్రిమిని మోస్తున్నవారు ఈ వలలో పడరు. వాళ్లని చేరుకునే దారి ఒక్కటే. లక్షణం ఉండి వచ్చిన మనిషి తన భాగస్వామికి చెప్పాలి.

‘మీ ఆయన్ని కూడా తీసుకురండి’

సురక్ష క్లినిక్‌ గదుల్లో తరచూ జరిగే సంభాషణ ఈ తీరున ఉంటుంది.

‘‘అమ్మా, మాత్రలు మీరొక్కరే వేసుకుంటే సరిపోదు. మీ ఆయన్ని కూడా ఒకసారి తీసుకురండి.’’

‘‘ఆయన రారు మేడం. నీ రోగానికి నేనెందుకు మింగాలి మాత్రలు అంటారు.’’

‘‘పోనీ ఈ చీటీ ఇవ్వండి. ఫలానా జబ్బని ఇందులో ఏమీ రాయలేదు. ఆస్పత్రికి రమ్మన్నారని చెప్పండి చాలు. వస్తే నేను మాట్లాడతాను.’’

చీటీ పట్టుకుని వచ్చే భర్తలూ ఉంటారు, రాని భర్తలూ ఉంటారు. రాకపోతే వైద్యమంతా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. పది రోజుల్లో ఆమెకు తగ్గుతుంది, మళ్లీ అతని నుంచే సోకుతుంది. మందు పనిచేయలేదని ఇంకో డాక్టర్‌ దగ్గరికి, ఇంకా ఖరీదైన మందుకి పరుగెడతారు.

మగవారిది అంతకన్నా పెద్ద చిక్కు. ‘ఇంట్లో ఎలా చెప్పను సార్‌’ అంటారు. చెప్పడం కష్టమే. చెప్పకపోతే ఆమె గర్భసంచికి, పుట్టబోయే బిడ్డకు జరిగే నష్టం అంతకంటే పెద్దది. ‘నాకు ఇన్ఫెక్షన్‌ ఉందన్నారు, ఇద్దరం కలిసి మందు వాడితేనే పోతుందట’ అన్న ఒక్క మాటతో మొదలుపెట్టవచ్చు. మిగతాది చెప్పడానికి కౌన్సెలర్‌ సాయం తీసుకోవచ్చు. వినేవారూ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. క్లమీడియా, హెర్పిస్, హెచ్‌పీవీ వంటివి నెలలు, ఏళ్లు తెలియకుండా ఒంట్లో ఉండగలవు. ఇవాళ బయటపడిందంటే ఇవాళే వచ్చిందని కాదు. పరీక్ష రిపోర్టు పట్టుకుని ఎవరి శీలాన్నీ తూచలేం. ఇద్దరూ మందు పూర్తిచేసి, ఏడు రోజులు గడిచి, లక్షణాలు పూర్తిగా పోయేదాకా కలవకూడదు. ఆ తర్వాత కూడా అవసరమైన చోట కాండోమ్‌ వాడాలి.

స్వలింగ సంబంధాల్లో ఉన్నవారు, హిజ్రాలు, సెక్స్‌ వర్కర్లు ఆస్పత్రి గుమ్మం తొక్కడానికి ఇంకా ఎక్కువ జంకుతారు. గొంతులో, మలద్వారంలో వచ్చే ఇన్ఫెక్షన్‌కి చాలాసార్లు లక్షణాలే ఉండవు, అడిగి పరీక్ష చేస్తే తప్ప దొరకవు. ఆస్పత్రిలో ఒక వెటకారపు నవ్వు, ఒక ఈసడింపు చాలు, ఆ మనిషి మళ్లీ రాకుండా పోవడానికి. వైద్య సిబ్బంది మర్యాదగా ఒక మాట మాట్లాడటం ఈ జబ్బుల విషయంలో చికిత్సలో భాగమే.

వెంటనే వెళ్లాల్సిన లక్షణాలు

• మూత్రంలో మంట, చీము, రక్తం
• జననాంగాల మీద, నోట్లో, మలద్వారం దగ్గర పుండు (నొప్పి లేకపోయినా, దానంతటదే మానినా)
• గజ్జల్లో బిళ్లలు, వృషణాల్లో వాపు, నొప్పి
• రంగు మారిన, వాసన వచ్చే తెల్లబట్ట, కలయిక తర్వాత రక్తం
• జ్వరంతో పొత్తికడుపు నొప్పి. గర్భంతో ఉన్నవారైతే క్షణం ఆగకూడదు
• అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని దద్దుర్లు
• ఏ లక్షణమూ లేకపోయినా, భాగస్వామికి ఇన్ఫెక్షన్‌ ఉందని తెలిసినప్పుడు

అడగడానికి జంకే ప్రశ్నలు

పబ్లిక్‌ టాయిలెట్‌ వల్ల వస్తాయా? రావు. గనేరియా, క్లమీడియా, సిఫిలిస్‌ క్రిములు ఒంటి బయట ఎక్కువసేపు బతకవు.

కాండోమ్‌ వాడితే అన్నీ ఆగుతాయా? హెచ్‌ఐవీ, గనేరియా, క్లమీడియా నుంచి మంచి రక్షణ. హెర్పిస్, పులిపిర్లు, సిఫిలిస్‌ పుండు కాండోమ్‌ కప్పని చర్మం మీద ఉంటే సోకే వీలుంది. అయినా ముప్పు బాగా తగ్గుతుంది.

ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ రాదా? వస్తుంది. మశూచిలా జీవితాంతం రక్షణ వీటిలో చాలావాటికి రాదు.

సిఫిలిస్‌ తగ్గాక కూడా పరీక్ష పాజిటివ్‌ అంటున్నారేం? టీపీహెచ్‌ఏ పరీక్ష చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. తగ్గిందో లేదో చెప్పేది వీడీఆర్‌ఎల్‌ అంకె. 1:32 ఉన్నది 1:8కి దిగితే మందు పనిచేసినట్టు. గల్ఫ్‌ వెళ్లేవారి వైద్యపరీక్షల్లో సిఫిలిస్‌ కూడా ఉంటుంది కాబట్టి జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ కుర్రాళ్లకు ఈ తేడా బాగా తెలిసి ఉండాలి. చికిత్స తీసుకున్న చీటీలు, పాత రిపోర్టులు దాచుకోవాలి. ఏజెంట్‌ చెప్పాడని ఎవరి దగ్గరో సూదులు వేయించుకోకూడదు.

నా వివరాలు బయటపడతాయా? హెచ్‌ఐవీ విషయంలో 2017 నాటి చట్టం గోప్యతకు హామీ ఇస్తోంది. మీ అనుమతి లేకుండా పరీక్ష చేయడం, మామూలుగా ఫలితం ఇంకొకరికి చెప్పడం, ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం.

పిల్లల్లో ఈ లక్షణాలు కనిపిస్తే? లైంగిక దాడి జరిగిందేమోనని అనుమానించాలి. వెంటనే వైద్యం చేయించాలి, పోక్సో చట్టం కింద ఫిర్యాదు చేయాలి. పరువు కోసం దాచడం ఆ బిడ్డకు రెండోసారి అన్యాయం చేయడమే.

అడుగు ఎక్కడ వేయాలి?

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097కి ఫోన్‌ చేయండి. ఇది జాతీయ ఎయిడ్స్‌ హెల్ప్‌లైన్‌. ఖర్చు లేదు, పేరు చెప్పనక్కర్లేదు. దగ్గర్లోని సురక్ష క్లినిక్, హెచ్‌ఐవీ పరీక్ష కేంద్రం ఎక్కడున్నాయో చెబుతారు. లేదా జిల్లా ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు ‘స్కిన్‌ డాక్టర్‌కి చూపించాలి’ అంటే చాలు, అంతకుమించి అక్కడ వివరించక్కర్లేదు. ఆపైన డాక్టర్‌ ముందు మాత్రం దాచకండి. ఎప్పటి నుంచి, ఎలా, ఎవరితో అన్నది ఆయన అడిగేది తీర్పు చెప్పడానికి కాదు, మందు రాయడానికి.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. పెన్సిలిన్‌ సూది నిల్వలు ఎక్కడా ఖాళీ కాకూడదు. రియాక్షన్‌ భయంతో వెనకాడే సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. లక్షణాలు లేని ఇన్ఫెక్షన్లను పట్టే మూత్ర పరీక్షలు జిల్లా స్థాయి దాకా రావాలి. హైస్కూల్లో పిల్లలకు తమ శరీరం గురించి తడబడకుండా చెప్పే టీచర్లు కావాలి. లాడ్జి గదుల్లో వెలిసే దొంగ వైద్యుల గోడరాతలు చెరిపేయాలి.

ఇవన్నీ జరిగినా చివరి మెట్టు ఇంట్లోనే ఉంది. భార్య భర్తతో, భర్త భార్యతో, ప్రేమించినవారు ఒకరితో ఒకరు నిజం చెప్పుకోవాలి. ఆ మాట కష్టమైనదే. కానీ ఆ ఒక్క మాటతో ఒక కాపురం నిలబడుతుంది, పుట్టబోయే బిడ్డ ఆరోగ్యంగా పుడుతుంది, ఏళ్ల తరబడి తిరిగే జబ్బు వారం రోజుల్లో పోతుంది. ఈ వారంలో మీకు ఏ అనుమానం ఉన్నా ఆస్పత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లండి.